పిస్టల్ కన్నా ముందు డివిజన్ ఎందుకు? ప్రాక్టికల్ షూటింగ్ నిబంధనల వెనక కథ

ప్రాక్టికల్ షూటింగ్ అంటే గురితో పాటు వేగానికీ మార్కులుండే పిస్టల్ ఆట. దాని మ్యాచ్‌లో పరికరాల తనిఖీ బల్ల మీద ఒక పెట్టె ఉంటుంది. లోపలి కొలత 225 × 150 × 45 మిల్లీమీటర్లు. ఈ ఆటను నడిపే అంతర్జాతీయ సంస్థ ఐపీఎస్‌సీ. తుపాకుల రకాన్ని బట్టి అది పెట్టిన పోటీ వర్గాలే డివిజన్లు. స్టాండర్డ్ డివిజన్‌లో ఆడేవాళ్లు ఖాళీ మ్యాగజైన్ ఎక్కించిన పిస్టల్‌ని స్లైడ్ మూసి అందులో పట్టించి చూపాలి. పెట్టెకు ఒక్క మిల్లీమీటరు వరకే సడలింపు. నాలుగు మ్యాగజైన్లు సరిపోయి, అయిదో దానికి బిగించిన బేస్‌ప్యాడ్ (అడుగు మూత) ఒకటిన్నర మిల్లీమీటర్లు పొడవైతే ఆ షూటర్ ఓపెన్ డివిజన్‌లోకి వెళ్లిపోతాడు. అక్కడ పోటీ కాంపెన్సేటర్లు (కుదుపు తగ్గించే మూతి భాగాలు), రెడ్ డాట్‌లు (ఎర్ర చుక్కతో గురి చూపే సైట్లు) ఉన్న తుపాకులతో.

కొత్తగా వచ్చేవాళ్లు ముందు ఏ పిస్టల్ కొనాలని అడుగుతారు. ముందు తేలాల్సింది డివిజన్. ఆ గీతలు ఎవరికో తోచి గీసినవి కావు. ఒక్కో గీత వెనక ఎవరో గన్‌స్మిత్ (తుపాకుల పనివాడు) చేసిన ఒక కొత్త పని ఉంది. అది తెలిస్తే ఏ భాగం మీద డబ్బు పెట్టాలో, దేని జోలికి పోకూడదో తెలుస్తుంది.

1950ల చివర్లో కాలిఫోర్నియాలోని బిగ్ బేర్‌లో జెఫ్ కూపర్ ‘లెదర్ స్లాప్’ పోటీలు నడిపాడు. అప్పట్లో చాలామంది పిస్టల్ దూసి నడుం ఎత్తు నుంచే కాల్చేవాళ్లు. జాక్ వీవర్ రెండు చేతులతో పట్టుకుని, కంటి ఎత్తుకు తెచ్చి, గురి చూసి కాల్చి గెలిచాడు. మిగతావాళ్లు అదే పట్టారు. 1975లో జ్యూరిచ్‌లో తొలి ప్రపంచ పోటీ జరిగింది, రే చాప్‌మన్ గెలిచాడు. 1976లో అమెరికాలోని కొలంబియా, మిస్సోరిలో ఐపీఎస్‌సీ ఏర్పడింది. గురి, శక్తి, వేగం మూడింటికీ సమానంగా విలువ ఉండాలన్నది దాని నియమం.

చిక్కంతా శక్తి దగ్గరే వచ్చింది. కుదుపు తక్కువున్న తూటాతో ఎవరైనా వేగంగా కాల్చగలరు. బలమైన తూటా వాడేవాడు నష్టపోకూడదంటే శక్తిని కొలవాలి. మొదట్లో లోలకానికి కాల్చి, అది ఎంత ఊగిందో చూసేవాళ్లు. తర్వాత బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ వచ్చింది. బుల్లెట్ బరువు గ్రెయిన్లలో (తూటాల బరువుకు వాడే చిన్న కొలత), వేగం సెకనుకు అడుగుల్లో తీసుకుని, రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్. అది 125కి చేరితే మైనర్, అంటే తక్కువ శక్తి వర్గం. ఎక్కువ శక్తి వర్గం మేజర్. మేజర్ గీత తొలి రోజుల్లో 175 దగ్గర ఉండేది. ఇప్పుడు ఐపీఎస్‌సీలో ఓపెన్‌కు 160, స్టాండర్డ్‌కు 170.

మేజర్ వల్ల ఒరిగేది ఏమిటో ఒక లెక్క చూడండి. టార్గెట్ మీద ‘A’, ‘C’, ‘D’ (ఏ, సీ, డీ) అని జోన్లుంటాయి. నడిమి ‘A’ జోన్‌లో తగిలితే ఎవరికైనా 5 పాయింట్లే. సీ జోన్‌లో మేజర్‌కు 4, మైనర్‌కు 3. డీ జోన్‌లో 2, 1. ఇరవై గుండ్లలో పదిహేను ‘A’లో, అయిదు ‘C’లో తగిలాయనుకోండి. మేజర్ షూటర్‌కు 95, మైనర్ షూటర్‌కు 90. ఇద్దరూ పది సెకన్లలో ముగిస్తే హిట్ ఫ్యాక్టర్ (పాయింట్లను సెకన్లతో భాగిస్తే వచ్చేది) 9.5, 9.0. మైనర్‌తో ఆ 9.5 రావాలంటే పని 9.47 సెకన్లలో అయిపోవాలి. ఈ అర సెకను కోసమే ఇన్నేళ్ల కుస్తీ.

1980ల మొదట్లో రాబ్ లేథమ్, బ్రయాన్ ఈనోస్ అనే షూటర్లు .38 సూపర్ అనే సన్నటి తూటా పట్టారు. లావుపాటి .45 తూటాలో 230 గ్రెయిన్ల బుల్లెట్ 761 అడుగుల వేగంతో పోతే 175 వచ్చేస్తుంది. 115 గ్రెయిన్ల తేలిక బుల్లెట్‌తో అదే 175 రావాలంటే 1,522 అడుగుల వేగం కావాలి. అందుకు మందు బాగా దట్టించాలి. మందు ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ. బ్యారెల్ చివర బిగించిన కాంపెన్సేటర్ ఆ గ్యాస్‌ను పైకి వదిలి మూతిని కిందికి నొక్కుతుంది. తూటా సన్నం కాబట్టి మ్యాగజైన్‌లో ఎక్కువ పడతాయి. శక్తి కోసం పెట్టిన నిబంధన చివరికి కాంపెన్సేటర్‌కు మేతగా మారింది.

దీనికి మూల్యం కూడా ఉంది. పాత 1911 మోడల్ పిస్టల్ బ్యారెల్‌లో తూటా ఎక్కే వాలు దగ్గర కేస్ (తూటా ఇత్తడి గొట్టం) అడుగుభాగానికి లోహపు ఆసరా చాలదు. పీడనం మితిమీరితే కేస్ అక్కడే చిట్లి, గ్యాస్ మ్యాగజైన్ దారిన కిందికి తన్నేది. ఇత్తడి తునకలు, మసి షూటర్ మొహాన పడేవి. దానికి ‘సూపర్ ఫేస్’ అని పేరే వచ్చింది. కేస్‌ను చుట్టూ పట్టుకునే ర్యాంప్డ్ బ్యారెల్ అలా తప్పనిసరైంది. మేజర్ గీత దిగాక పీడనం కొంత తగ్గింది. ఇవాళ కొనే పాత ఓపెన్ పిస్టల్‌లోనైనా మొదట చూడాల్సింది ఈ ఆసరానే. పెయింటు, పాలిష్ తర్వాత సంగతి.

1990లో అడిలైడ్ ప్రపంచ పోటీని డగ్ కోనిగ్ రెడ్ డాట్‌తో గెలిచాడు. స్లైడ్ కుదుపులకు అప్పటి డాట్‌లు తట్టుకోలేవు కాబట్టి ఫ్రేమ్‌కు మౌంట్ వేసి బిగించేవాళ్లు. అదే రోజుల్లో రెండు వరసల మ్యాగజైన్ పట్టే వెడల్పు ఫ్రేములు పారా ఆర్డ్‌నెన్స్ కంపెనీ నుంచి వచ్చాయి. తర్వాత వర్జిల్ ట్రిప్, శాండీ స్ట్రేయర్ పాలిమర్ గ్రిప్, లోహపు ఫ్రేమ్ విడివిడిగా ఉండే రూపం తెచ్చారు. ట్రిగర్ గార్డును మాత్రమే పట్టి ఉంచే ఎముకల గూడు లాంటి హోల్‌స్టర్లు కూడా వచ్చాయి. మామూలు పిస్టల్ తెచ్చుకున్న మనిషికి చోటు లేకుండా పోయింది.

అప్పుడు గీసిన గీతే స్టాండర్డ్, అమెరికాలో లిమిటెడ్. కాంపెన్సేటర్ లేదు, డాట్ లేదు. ఐపీఎస్‌సీ పైన చెప్పిన పెట్టె కూడా పెట్టింది. మేజర్ కావాలంటే బుల్లెట్ వ్యాసం కనీసం 10 మిల్లీమీటర్లు ఉండాలంది. 1990లో వచ్చిన .40 తూటా దీనికి అతికినట్టు సరిపోయింది. 180 గ్రెయిన్లు, 950 అడుగులు, 171. ఈ దారే నచ్చనివాళ్లు 1996లో ఐడీపీఏ అనే వేరే సంస్థ పెట్టుకున్నారు. ఆ తర్వాత, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలన్న ప్రొడక్షన్ డివిజన్ వచ్చింది. అందులో అందరూ మైనరే. బ్యారెల్ 127 మిల్లీమీటర్లు దాటకూడదు, ఆరంభంలో మ్యాగజైన్‌లో 15 తూటాలు దాటకూడదు. హోల్‌స్టర్, మ్యాగజైన్ పౌచులు తుంటి ఎముక కన్నా ముందుకు రాకూడదు. 2010లలో స్లైడ్ మీద కూర్చునే డాట్‌లు గట్టిపడ్డాక వాటికీ విడి డివిజన్లు తెరిచారు.

మొదటి పిస్టల్‌కు ప్రొడక్షనే మంచిదని నా అభిప్రాయం. 9 మిల్లీమీటర్ల తూటా చాలు, కొనాల్సిన భాగాలు కూడా తక్కువ. కానీ చెయ్యి ఊరుకోదు, ట్రిగర్ దగ్గరికే పోతుంది. అక్కడ రూలు మొదటి గుండుకు కనీసం 2.27 కిలోలు, లేదా ప్రతి గుండుకూ 1.36 కిలోలు. కొనేముందు తాజా ప్రతిలో ఈ అంకెలు ఒకసారి సరిచూసుకోవాలి. ట్రిగర్ తేలిక చేయడానికి సులువైన దారి సుత్తి స్ప్రింగ్ మార్చడం. స్ప్రింగ్ బలం తగ్గితే సుత్తి దెబ్బా తగ్గుతుంది. తూటా అడుగున మందును అంటించే ప్రైమర్ మెత్తటిదైతే పేలుతుంది, గట్టి ప్రైమర్ లోతులేని గుంట పడి మిగిలిపోతుంది. అందుకే స్ప్రింగ్ మార్చిన రోజే మ్యాచ్‌లో వాడబోయే తూటాలతోనే కనీసం 200 కాల్చి చూడాలి. ఒక్కటి పేలకపోయినా ఒక మెట్టు గట్టి స్ప్రింగ్ వేయాలి. సియర్ (సుత్తిని ఆపి ఉంచే ముక్క), సుత్తి కొక్కేలు రుద్దే పని మాత్రం గన్‌స్మిత్‌దే. కోణం చెడితే స్లైడ్ మూసుకునేటప్పుడు సుత్తి జారి, వేలు పడకుండానే గుండు పేలవచ్చు.

రికాయిల్ స్ప్రింగ్‌కూ ఇదే వరస. మైనర్ తూటాకు తేలిక స్ప్రింగ్ వేస్తే డాట్ లేదా ముందు సైట్ తొందరగా గురికి తిరిగి వస్తుంది. మరీ తేలికైతే మురికి పట్టాక స్లైడ్ చివరి రెండు మిల్లీమీటర్లు మూసుకోదు.

పిస్టల్ మొరాయిస్తే చాలాసార్లు తప్పు మ్యాగజైన్‌ది. ప్రతి దాని మీదా అంకె వేయాలి. జామ్ అయిన ప్రతిసారీ ఆ అంకె రాసుకుంటే మూడు ప్రాక్టీసుల్లో దొంగ దొరుకుతుంది. ఇసుకలో పడ్డ మ్యాగజైన్‌ను స్టేజి కాగానే విప్పి పొడి బ్రష్‌తో తుడవాలి. లోపల నూనె రాస్తే ఇసుక అంటుకుని, తూటాలను పైకి నెట్టే ఫాలోయర్ నిలిచిపోతుంది.

డాట్ వాడేవాళ్లకు పరిమాణం ముఖ్యం. చుక్కను ఎంవోఏ అనే కోణపు కొలతలో చెబుతారు. 6 ఎంవోఏ చుక్క 25 మీటర్ల దగ్గర దాదాపు 44 మిల్లీమీటర్లు కప్పుతుంది, 3 ఎంవోఏ 22. దగ్గరి టార్గెట్లు ఎక్కువున్న మ్యాచ్‌లో పెద్ద చుక్కే కంటికి తొందరగా దొరుకుతుంది.

ఇక క్రోనోగ్రాఫ్ బల్ల. 147 గ్రెయిన్ల బుల్లెట్ 850 అడుగులతో పోతే 124.95 వస్తుంది. ఐపీఎస్‌సీలో దాన్ని 125కి సవరించరు, దశాంశాలు వదిలేసి 124గానే చూస్తారు. మేజర్ గీత తప్పినవాడికి మైనర్ పాయింట్లన్నా మిగులుతాయి. 125 తప్పినవాడు మ్యాచ్ పూర్తి చేయవచ్చు, స్కోరు మాత్రం ఉండదు. చల్లని పొద్దున కొన్ని రకాల మందుల వేగం తగ్గుతుంది, ఒక్కో బ్యారెల్ వేగం ఒక్కోలా ఉంటుంది. అదే బుల్లెట్‌ను 885 అడుగుల దగ్గర ఉంచుకుంటే 130 వస్తుంది. ఆ అయిదు అంకెల వెసులుబాటుకు పెరిగే కుదుపు చేతికి తెలియదు.