దాగలి కదిలితే దెబ్బ దండగ

"వేట రైఫిల్ ట్రిగ్గర్ నొక్కితే టక్కుమంటోంది, తూటా పేలడం లేదు. మందు పాడైపోయిందా?" అని ఒక పాఠకుడు అడిగారు. అలా జరగ్గానే బోల్ట్ (తూటా వెనక గొట్టాన్ని మూసి ఉంచే కడ్డీ) తెరవకండి. గొట్టాన్ని ప్రమాదం లేని వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. ఒక్కోసారి నిప్పు ఆలస్యంగా అంటుకుంటుంది.

ఇక మందు సంగతి. నేనైతే ముందు దెబ్బనే అనుమానిస్తాను. తూటా అడుగున ప్రైమర్ అనే బుల్లి లోహపు గిన్నె ఉంటుంది. అందులో లెడ్ స్టిఫ్నేట్ లాంటి రసాయనం, దానికి ఎదురుగా ఒక చిన్న దాగలి. అవును, కమ్మరి దగ్గర ఉండే దాగలి లాంటిదే! ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగ్ తోస్తే వచ్చి ప్రైమర్‌ని కొట్టే ఫైరింగ్ పిన్ అనే సూదే సుత్తి. ఈ రెంటి మధ్య నలిగితేనే రసాయనం పేలుతుంది. దెబ్బతో నిప్పు పుట్టించే ఈ పద్ధతికి 1807లో ఫోర్సైత్ అనే స్కాట్లండ్ మతబోధకుడు పేటెంట్ తీసుకున్నాడు.

దాగలి కింద మొద్దు ఊగుతుంటే కమ్మరి ఎంత గట్టిగా కొట్టినా ఇనుము సాగదు. ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోట, తూటా వదులుగా ఉన్నా అంతే, దెబ్బకి తూటా ముందుకు జరిగి బలంలో కొంత మింగేస్తుంది. ప్రైమర్ పూర్తిగా లోపలికి దిగకపోతే మొదటి దెబ్బ దాన్ని దించడానికే సరిపోతుంది. రెండోసారి కొడితే అదే తూటా పేలుతుంది. దాన్ని అదృష్టం అంటారు గానీ, నిజానికి మొదటి దెబ్బతో దాగలి కుదురుకుంది!

సుత్తి వైపూ లోపాలుంటాయి. బోల్ట్ లోపల పాత గ్రీజు చలికి చిక్కబడి పిన్‌ను పట్టేస్తుంది. వేగం 10 శాతం తగ్గితే గతిశక్తి 19 శాతం పోతుంది, ఎందుకంటే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. బడిలో ఆ సూత్రాన్ని బట్టీ పట్టించే బదులు ఈ స్ప్రింగ్‌నూ పిన్‌నూ చూపిస్తే పిల్లలు జన్మలో మరిచిపోరు. బోల్ట్ పిడి పూర్తిగా కిందికి దిగకపోయినా చిక్కే. చాలా రైఫిళ్లలో పిన్ బలం కొంత పిడిని దించడానికే ఖర్చవుతుంది.

పేలని తూటా ప్రైమర్ మీద గుంట చూడండి. లోతు తక్కువగా ఉంటే బోల్ట్ విప్పి, పాత గ్రీజు కడిగి, పొడిగా తుడిచి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ పేలకపోతే వేరే పెట్టెలోని కొత్త తూటాలు వాడి చూడండి. అవన్నీ పేలితే లోపం పాత తూటాలదే. అవీ పేలకపోతే స్ప్రింగ్ బలం, పిన్ పొడవు, ఛాంబర్ కొలత తుపాకీ మెకానిక్ గేజ్ పెట్టి చూడాల్సిందే.