పీచు పొడి డబ్బా వెనక వైపు చదవండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను డైటీషియన్‌ని. ఈ మధ్య నా దగ్గరికొచ్చే చాలామంది కూర్చోగానే సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెడుతున్నారు. "మేడమ్, ఇది ప్రీబయోటిక్ ఫైబరట, మొక్కల నుంచి తీసిందట. వాడొచ్చా?" నేను డబ్బా తిప్పి వెనకాల చిన్న అక్షరాలు చదువుతాను. లోపల ఏ పీచు ఉందో తెలిస్తే గానీ జవాబు చెప్పలేను.

అపోహ: పీచు పొడులన్నీ ఒకటే.

కానే కావు. మన మందుల షాపుల్లో తరచూ కనిపించేవి మూడు. ఇసబ్గోల్ గుజరాత్, రాజస్థాన్‌లలో పండే ఒక మొక్క గింజల పైపొట్టు. నీళ్లు తగిలితే జిగురై ఉబ్బుతుంది. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని పెద్దగా అరిగించలేదు, కాబట్టి చివరిదాకా నీటిని పట్టుకుని మలాన్ని మెత్తగా ఉంచుతుంది. మలబద్ధకానికి మంచిదే, కానీ ప్రీబయోటిక్‌గా దాని బలం తక్కువ. ప్రీబయోటిక్ అంటే పెద్దపేగులోని మంచి బ్యాక్టీరియాకు తిండి. ఆ పని బాగా చేసేది చికోరీ వేరు నుంచి తీసే ఇన్యులిన్. బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టినప్పుడు బ్యూటిరేట్ లాంటి కొవ్వు ఆమ్లాలు పుడతాయి, పెద్దపేగు లోపలి పొరకు శక్తి ఎక్కువగా వాటి నుంచే. గ్యాస్ కూడా పుడుతుంది, ఆ సంగతి కింద చెప్తాను.

మూడోది 'పార్షియల్లీ హైడ్రోలైజ్డ్ గ్వార్ గమ్'. పేరు చూసి కంగారు పడకండి, గ్వార్ అంటే మన గోరుచిక్కుడే, తెలంగాణ వాళ్ల గోకరకాయ. లేత కాయ మనం కూర వండుకుంటాం. రాజస్థాన్‌లో ముదరనిచ్చి, గింజలోంచి జిగురు తీస్తారు. ఆ జిగురును ఎంజైమ్‌తో చిన్న ముక్కలు చేస్తే ఈ పొడి అవుతుంది. చిక్కబడదు, రుచీ ఉండదు, మజ్జిగలో కలిపితే ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. పేగులో నెమ్మదిగా పులుస్తుంది కాబట్టి ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, ఉబ్బరం, మలబద్ధకం లేదా విరేచనాలతో ఇబ్బంది పెట్టే పేగు సమస్య) ఉన్నవాళ్లలో చాలామంది తట్టుకుంటారు. అటు మలబద్ధకానికి, ఇటు విరేచనాలకు రెండింటికీ దీన్ని పరీక్షించారు. 2000లో వెలువడిన ఒక అధ్యయనంలో బంగ్లాదేశ్ పరిశోధకులు దీన్ని ఓఆర్ఎస్‌లో కలిపి పిల్లలకిస్తే విరేచనాలు త్వరగా తగ్గాయి. అది ఆస్పత్రిలో జరిగింది, ఇంట్లో మీరు ప్రయత్నించకండి.

అపోహ: మొక్కల నుంచి వచ్చింది కదా, ఏ హానీ చేయదు.

అమెరికాలో ఒకప్పుడు బరువు తగ్గడానికని గ్వార్ గమ్ మాత్రలు అమ్మారు. ముక్కలు చేయని, ఉబ్బే రకం. అవి అన్నవాహికలో ఉబ్బి అడ్డుపడటంతో 1990 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వం అడ్డుకుంది. ఇసబ్గోల్‌తోనూ ఆ ప్రమాదం ఉంది. పొడిగా నోట్లో వేసుకుని రెండు గుక్కల నీళ్లు తాగడం కుదరదు, నిండు గ్లాసులో కలిపి వెంటనే తాగాలి. పడుకునే ముందు వద్దు. మందులకూ దీనికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఇంకా ఎక్కువ ఎడం పెట్టాలి.

అపోహ: గ్యాస్ వస్తోందంటే లోపలి చెత్త కదులుతోందన్నమాట.

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, చెత్తా లేదు, ఏమీ లేదు. బ్యాక్టీరియా పీచును పులియబెడుతోంది, అంతే. కొత్తలో నేను కూడా తెలిసిన దాన్నే కదా అని ఇన్యులిన్ ఒకేసారి రెండు చెంచాలు వేసుకున్నాను. సాయంత్రానికి పొట్ట మద్దెల! అరచెంచాతో మొదలుపెట్టి, నాలుగైదు రోజులకోసారి కొంచెం పెంచుకోవాలి. ఐబీఎస్ ఉంటే ఇన్యులిన్ జోలికి పోకపోవడమే మంచిది. ఉల్లి, వెల్లుల్లి తింటే ఉబ్బరం వచ్చేవాళ్లకు ఇదీ పడకపోవచ్చు, వాటిలో ఉండేదీ అదే కుటుంబం పీచు.

(ఫిల్టర్ కాఫీలో చికోరీ ఉంది కదా అని అడుగుతారు. వేయించేటప్పుడు ఇన్యులిన్ చాలావరకు విరిగిపోతుంది. కాఫీని కాఫీగానే తాగండి.)

అపోహ: ఇది వాడితే షుగర్, కొలెస్ట్రాల్ మందులు మానేయొచ్చు.

ఇసబ్గోల్ రోజుకు సుమారు 10 గ్రాములు క్రమం తప్పకుండా వాడితే చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది, ఇది బాగా నిరూపితమైంది. తగ్గేది మాత్రం కొద్ది శాతమే. మందు పక్కన అది ఒక తోడు, మందుకు బదులు కాదు.

అపోహ: చెంచా పొడి వేసుకుంటే కూరలు తినకపోయినా పర్లేదు.

లెక్క చూడండి. 2000 కేలరీల తిండికి 30 గ్రాముల పీచు ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. చెంచా పొడిలో వచ్చేది మహా అయితే 5 గ్రాములు. వంద గ్రాముల తెల్ల బియ్యంలో మూడు కూడా లేవు, రాగుల్లో 11 ఉన్నాయి. మిగతా లోటు పప్పు, ఆకుకూర, జామకాయలే పూడ్చాలి. అవి తినలేని రోజులకు, ప్రయాణాలకు డబ్బా పనికొస్తుంది.

మింగడం కష్టంగా ఉన్నా, పేగులో అడ్డు ఉందని గతంలో చెప్పినా, మలంలో రక్తం పడినా, ఉన్నట్టుండి బరువు తగ్గినా ఏ పొడీ మొదలుపెట్టకండి, ముందు డాక్టర్‌ని కలవండి.