"పెద్ద సైజు తీసీసుకున్నామండి": చీర కాని పెళ్లిబట్టలపై అపోహలు - వాస్తవాలు

"పెద్ద సైజు తీసీసుకున్నామండి, కాస్త తగ్గించీండి సాలు." ముహూర్తం పది రోజులుందనగా గౌను కవరు కౌంటరు మీద పెట్టి పెళ్లికూతురి తల్లి అనే మాట ఇది. విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనైనా, పెళ్లిబట్టలు కుట్టేవాళ్లందరికీ కంఠతా వచ్చిన మాట. బిగుతైతే కష్టం, వదులైతే ఏముంది, నాలుగు కుట్లు వేస్తే పోతుంది అని నమ్మకం. జాకెట్టు విషయంలో అది కొంతవరకు నిజం. ఎంబ్రాయిడరీ పని ఉన్న గౌనుకి, లెహంగాకి వచ్చేసరికి అబద్ధం. పెళ్లివాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

ఎందుకో చూడండి. సైజు పెరిగితే చెస్ట్ ఒక్కటే పెరగదు. 36 చెస్ట్ అమ్మాయి 40 సైజు గౌను కొంటే భుజం దాదాపు అంగుళం జారుతుంది, చంక కిందికి దిగుతుంది, మెడ ముందుకు తెరుచుకుంటుంది, టక్కు (ఛాతీ ఆకారానికి వేసే మడత కుట్టు) మొన రావాల్సిన చోటు కంటే కిందికి పడుతుంది. పక్క కుట్లు లోపలికి వేస్తే తగ్గేది చెస్ట్, నడుము మాత్రమే. భుజం జారుడు అలాగే ఉంటుంది. దాన్ని సరిచేయాలంటే చేతులు ఊడదీసి, భుజం కోసి, చంక మళ్లీ గీసి, చేతులు తిరిగి ఎక్కించాలి. అంటే పై భాగం కొత్తగా కుట్టినంత పని. మొత్తం చుట్టుకొలతలో ఒకటిన్నర అంగుళం వరకు పక్కల నుంచి నిశ్చింతగా తీయొచ్చు. రెండు దాటితే పై భాగం విప్పాల్సిందే.

ఇక దాని మీద మగ్గం వర్క్ ఉంటే? మగ్గం కుట్టు గొలుసు కుట్టు. ఒకచోట దారం తెగితే లాగినకొద్దీ వరసంతా ఊడొస్తుంది. కట్‌దానా (గొట్టంలాంటి సన్న పూసలు) మీద మిషన్ నడిపితే సూది విరుగుతుంది. అందుకని ముందు కొత్త కుట్టు గీత గీసుకోవాలి. గీతకి అర అంగుళం అవతల, లోపలివైపు, ప్రతి దారాన్ని విడిగా ముడేయాలి. గీత మీద పడే పూసల్ని పట్టకారుతో ఒక్కొక్కటిగా నలిపి తీయాలి. మిషన్‌కి సింగిల్ ఫుట్ (ఒకవైపే ఉండే సన్న పాదం) పెట్టి కుట్టాక, బోసిపోయిన చోట మళ్లీ చేత్తో పూసలు ఎక్కించాలి. ఒక్కో పక్కకి పూట పైనే పడుతుంది. మజూరీ చెప్పగానే "కుట్టు వేయడానికి అంతా?" అంటారు. కుట్టుకి కాదమ్మా, ఊడదీతకి.

లెహంగా పొడవు తగ్గించడం ఇంకా మోసం. అడుగున బోర్డరు పని ఉంటుంది కాబట్టి కింద కోయలేం, పైన నడుము దగ్గరే కోయాలి. లెక్క వేసి చూడండి. నడుము 30, పొడవు 40 అంగుళాలు, అడుగు ఘేరు (చుట్టుకొలత) 4 మీటర్లు ఉన్న 12 కలీల (పైన సన్నగా, కింద వెడల్పుగా కోసిన ముక్కల) లెహంగా. 4 మీటర్లంటే సుమారు 157 అంగుళాలు. నడుము నుంచి అడుగుకి వచ్చేసరికి 127 అంగుళాలు పెరగాలి, అంటే పొడవులో ప్రతి అంగుళానికి మూడు అంగుళాల పైచిలుకు. పైనుంచి మూడు అంగుళాలు కోశామంటే నడుము 30 కాస్తా 39న్నర అవుతుంది. ఆ తొమ్మిదిన్నరని మడతలు పెట్టేస్తే తుంటి దగ్గర బుట్టలా లేస్తుంది, ఫొటోలో మనిషి రెండింతలు కనపడుతుంది. సవ్యంగా చేయాలంటే 12 కలీల కుట్లూ విప్పి, ఒక్కోదాంట్లో ముప్పావు అంగుళం పైన తీసి, తుంటి దాకా కలుపుకుంటూ రావాలి. పై బుటీలు మధ్యకి తెగుతాయి. అది మాత్రం ఎవరూ ఆపలేరు.

మరి రెడీమేడ్ కొనకూడదా? కొనండి. భుజం, చెస్ట్ సరిపోయే సైజు తీసుకోండి, మిగతాది చూసుకోవచ్చు. కొనేముందు లోపలివైపు తిప్పి పక్క కుట్టు పక్కన గుడ్డ ఎంత వదిలారో చూడండి. అంగుళం ఉంటే అదృష్టం, అర అంగుళంలో ఓవర్‌లాక్ (అంచు కత్తిరించి వేసే కుట్టు) కొట్టేసి ఉంటే పక్కల నుంచి మరి పెంచడానికేం లేదు. సగం కుట్టి అమ్మే సెమీ స్టిచ్డ్ సెట్టు మేలే గానీ, కుట్టకుండా వదిలేది నడుము, జాకెట్టు ముక్క మాత్రమే. పొడవు ముందే ఖాయమై వస్తుంది. చెప్పులు వేసుకుని, నడుము నుంచి నేల దాకా కొలిచి, అర అంగుళం తగ్గించి ఆ కొలతకే కొనాలి. ఇప్పటికే బిగుతైనది కొనేసి కంగారు పడుతున్నారా, ఏడవక్కర్లేదు. వెనక జిప్పు తీసేసి డోరీ (తాడు) దూర్చే కళ్లు పెట్టి, వెనక అదే రంగు గుడ్డ పట్టీ వేస్తే రెండు నుంచి నాలుగు అంగుళాలు కలిసొస్తాయి, చూడ్డానికీ బాగుంటుంది. చూశారుగా, వదులు కన్నా బిగుతుకే మందు సులువు.

అపోహ: నిలబెట్టి కొలతలు తీస్తే చాలు.

మన పెళ్లిలో పెళ్లికూతురు నిలబడేది ఎంతసేపు? రెండు మూడు గంటలు పీట మీదే. నిలబడ్డప్పుడు 30 ఉన్న నడుము, మఠం వేసుకుంటే అంగుళమో రెండో పెరుగుతుంది. అందుకే పీటల మీద సగం మంది అమ్మాయిలు వెనక్కి వాలి ఊపిరి బిగబట్టి కనపడతారు. కొలతలప్పుడు నేల మీద పీట వేసి కూర్చోబెట్టి నడుము, తుంటి మళ్లీ తీయమనండి. కూర్చున్నాక రెండు మోకాళ్ల చుట్టూ టేపు తిప్పండి. గౌను ఆ ఎత్తులో అంతకన్నా తక్కువ ఘేరుంటే ఆ గౌనుతో పీట మీద కూర్చోలేరు, అంతే. చేపతోక గౌను ఎంత ముచ్చటేసినా రిసెప్షన్‌కే. ప్యాంటుసూటు కోరేవాళ్లు సీటు వెనక భాగం అంగుళం ఎత్తు పెట్టించుకోండి, లేకపోతే కూర్చోగానే నడుము పట్టీ కిందికి దిగి కోటు కింద నుంచి వీపు కనపడుతుంది.

అపోహ: గౌనైతే పంతులుగారు ఒప్పుకోరు.

పేచీ ఎక్కడొస్తుందో ముందే చూసుకుంటే సగం గొడవలు రావు. మంగళసూత్రం కట్టాలంటే మెడ వెనక మూడు ముళ్లు పడాలి, కాబట్టి నిలువు కాలరు, మెడ మూసిన నెట్ వద్దు. కొంగుముడికి కొంగు కావాలి, గౌనుకి అది లేదు. గౌనుకి జతగా రెండున్నర మీటర్ల దుపట్టా ఒకటి కుట్టించి భుజం దగ్గర లోపలివైపు రెండు హుక్కులు పెట్టించండి, ముడి లాగినా జారదు. జీలకర్ర బెల్లం నడినెత్తి మీద పెడతారు, కాబట్టి మేలిముసుగు దువ్వెన అక్కడ గుచ్చొద్దు, జడ మొదట్లో గుచ్చండి. మెట్టెలు తొడిగేటప్పుడు అడుగు గుడ్డ ఎత్తాలి, ఏడు పొరలుంటే ఎత్తేవాళ్లకి ప్రాణం మీదికొస్తుంది. ఇవన్నీ సర్దుకున్నాక కూడా "ఏటమ్మా, పెళ్లికూతురు చీర కట్టదా?" అనే పెద్దవాళ్లుంటే వాళ్లతో వాదించకండి. మంగళస్నానం తర్వాత ఒక పూట, మధుపర్కాలప్పుడు ఒక పూట చీర కడతానని చెప్తే నూటికి తొంభై ఇళ్లలో మాట సర్దుకుంటుంది.

తెలుపు, మీగడ రంగు అపశకునం అంటారు. మన మధుపర్కాలే ఎర్రంచు తెల్లబట్టలు, ఇక మాట్లాడేదేముంది. క్యాన్‌క్యాన్ (అడుగు ఉబ్బుగా నిలవడానికి లోపల వేసే గట్టి నెట్) ఎన్ని పొరలుంటే అంత ఘేరని మరో నమ్మకం. నాడాతో విడిగా కట్టుకునేది కుట్టించుకోండి, మండపంలోకి ప్రవేశానికి కట్టుకుని, పీట మీదికి వెళ్లేముందు విప్పేయండి. బరువెక్కువుంటేనే ఖరీదైనదనుకుంటారు. భుజం పట్టీలు లేని స్ట్రాప్‌లెస్ గౌనులో ఆ బరువుకి జారే పై భాగాన్ని మాటిమాటికీ పైకి లాక్కోవడం మానాలంటే నడుము దగ్గర లోపల అంగుళం వెడల్పు గట్టి రిబ్బన్ హుక్కుతో పెట్టించాలి. బరువు నడుము మోస్తుంది, ఛాతీ మోయదు.

హోమం మాట మాత్రం తొందరగా వదలను. నెట్, జార్జెట్, సాటిన్ పేరుతో మన దగ్గర అమ్మేవి చాలావరకు పాలిస్టర్, నైలాన్. నిప్పు తగిలితే బూడిదవవు, కరిగి చర్మానికి అంటుకుంటాయి. కొనేచోట అంచు నుంచి నాలుగు దారాలు అడిగి తెచ్చుకుని స్టీలు పళ్లెంలో కాల్చి చూడండి. నూలైతే కాగితం వాసనతో మెత్తని బూడిదవుతుంది. పట్టైతే వెంట్రుక కాలిన వాసన. పాలిస్టరైతే ముడుచుకుపోయి గట్టి పూసలా మిగులుతుంది. పూసలా మిగిలితే కొనొద్దనను, గంట ఆకారం చేతులు, వేలాడే కేప్ (భుజాల మీంచి జారే పై వస్త్రం) ఆ గుడ్డతో వద్దంటాను. వైశాఖ, జ్యేష్ఠాల్లో ఇక్కడి ఉక్కపోతకి పై భాగం లైనింగ్ మల్‌మల్ నూలే వేయించండి, క్రేప్ వద్దు.

ఖద్దరు పెళ్లికి పనికిరాదనే అపోహకి జవాబు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి, చేత్తో వడికి, 100 కౌంటు సన్నని నూలు తీస్తారు. ఆ మీగడ రంగు గుడ్డతో పొడుగు జాకెట్టో, కేపో వేసి కింద ఎర్రంచు లంగా జతచేస్తే ఏ నెట్ గౌనూ దాని ముందు నిలవదని నా మాట. జాగ్రత్తలు రెండే. ఉతికి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది. ఒంటికి బిగుతుగా ఉండే భాగాలకి లైనింగ్ లేకుండా కుట్టొద్దు, సన్నని నూలు కుట్టు దగ్గర విచ్చుకుంటుంది.

సొంతంగా కుట్టించేవాళ్లకి గుడ్డ లెక్క. పైన చెప్పిన 12 కలీల లెహంగాకి, 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డలో కలీలు తలకిందులుగా మార్చి మార్చి పరిస్తే వరసకి నాలుగు పడతాయి, 3.3 మీటర్లు చాలు. డిజైన్ ఒకే దిశలో ఉంటే, లేదా వెల్వెట్ అయితే తిప్పి పరచలేం, వరసకి మూడే పడతాయి, 4.4 మీటర్లు కావాలి. వెల్వెట్‌ని తిప్పి కోస్తే ఒక కలీ ముదురుగా, ఒక కలీ వెలిసినట్టుగా కనపడుతుంది, అది ఏ ఇస్త్రీకీ పోదు. మగ్గం వర్క్ ఉంటే రెండు నెలల ముందు ఇవ్వండి. నెల ముందు మార్కిన్ (ముతక నూలు) గుడ్డతో ఒక ట్రయల్, పన్నెండు రోజుల ముందు అసలు గుడ్డతో, నాలుగు రోజుల ముందు చెప్పులు, లోదుస్తులతో సహా చివరిది. ఘేరు గౌను అడుగు మడిచేముందు ఒక రోజంతా వేలాడదీయాలి, ఏటవాలు కోతలో గుడ్డ సాగుతుంది. మడిచాక సాగితే ఒక పక్క వంకర. దసరా వెళ్లగానే వచ్చే విజయనగరం సిరిమాను సంబరం, దీపావళి మధ్య ఆర్డరిస్తే ఈ తేదీలు ఏ టైలరూ నిలబెట్టుకోలేడు, ఒప్పుకున్నా నమ్మకండి.

చివరగా తలంబ్రాల పసుపు. లేతరంగు బట్ట మీద పడగానే తడిగుడ్డతో తుడిచేస్తారు, అదే తప్పు. పొడిగా ఉన్నప్పుడే దులిపేయండి. మెత్తని బ్రష్‌తో పై నుంచి కిందికి ఒకే వాటంగా. సబ్బు అసలొద్దు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది కదా, సబ్బు నీళ్లు తగిలినా అదే జరుగుతుంది, పసుపు మరక ఎర్ర మరకవుతుంది. మరకున్న చోట లోపలివైపు తెల్లదారం కట్టి, డ్రైక్లీనింగ్ కుర్రాడికి అది పసుపని నోటితో చెప్పండి. నూలు బట్టైతే మిగిలిన లేత మరక రెండు రోజుల ఎండకి పోతుంది. పట్టుని మాత్రం ఎండలో పెట్టకండి, మరకతో పాటు రంగూ పోతుంది.