ఏబీఎస్ లైటు వెలిగితే సెన్సర్ మార్చేయడమేనా? అపోహలు - వాస్తవాలు

ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు. దాని లైటు వెలుగుతూ నా దగ్గరికి వచ్చే కార్లలో కొన్నింటికి అప్పటికే కొత్త సెన్సర్ (చక్రం వేగం చదివేది) వేసి ఉంటుంది. లైటు మాత్రం అలాగే వెలుగుతూ ఉంటుంది. పాత సెన్సర్ ఏదని అడిగితే పారేశామంటారు. అది బాగానే ఉండేదేమో, ఇప్పుడు తేల్చడానికీ లేదు.

అపోహ: కారు కంప్యూటర్‌లోని కోడ్‌లు చదివే స్కానర్‌లో ఫలానా చక్రం సెన్సర్ అని వచ్చిందంటే ఆ సెన్సర్ పోయినట్టే.

వాస్తవం: సి0035 అనే కోడ్‌నే తీసుకోండి. ఎడమ ముందు చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉందని దాని అర్థం. సర్క్యూట్ అంటే సెన్సర్, దాని కనెక్టర్, అక్కడి నుంచి కంట్రోల్ యూనిట్ (ఏబీఎస్‌ని నడిపే కంప్యూటర్) దాకా వెళ్ళే వైరు అన్నీ కలిపి. కోడ్ వీధి పేరు చెబుతుంది, ఇంటి నంబరు మనమే వెతుక్కోవాలి.

ఒక కారుకి వేరేచోట రెండుసార్లు సెన్సర్ మార్చారు. మార్చిన రోజు లైటు ఆరేది, రెండు రోజులకి మళ్ళీ వచ్చేది. స్కానర్‌లో నాలుగు చక్రాల స్పీడూ కనపడేలా పెట్టుకుని ఖాళీ స్థలంలో నడిపాను. తిన్నగా వెళ్తున్నంతసేపూ నాలుగూ ఒకటే. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పేసరికి ఎడమ ముందు చక్రం 18 నుంచి ఒక్కసారిగా సున్నాకి పడిపోయింది. తిన్నగా చేస్తే మళ్ళీ వచ్చేసింది. చక్రం తిరుగుతూనే ఉంది, కబురే ఆగిపోతోంది.

కారు లేపి, స్ట్రట్ (చక్రం దగ్గరి సస్పెన్షన్ కడ్డీ) పక్కన వైరు వంగే చోట రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగాను. రబ్బరులా సాగింది. లోపల రాగి గట్టిగా ఉంటే వైరు అలా సాగదు. పైతొడుగు మీద చిన్న గీత కూడా లేదు గానీ, కోసి చూస్తే రాగి పచ్చబడి పొడిపొడిగా రాలింది. ఆ కారులో సెన్సర్ కనెక్టర్ హబ్ (చక్రం బిగించే మధ్యభాగం) దగ్గరే ఉంటుంది, అక్కడి నుంచి బాడీకి వెళ్ళే వైరు వేరే ముక్క. సెన్సర్ ఎన్నిసార్లు మార్చినా అది మారదు కదా!

అపోహ: మల్టీమీటరుతో ఓమ్స్ (రెసిస్టెన్స్) చూస్తే సెన్సర్ బతికుందో లేదో తెలిసిపోతుంది.

వాస్తవం: పాత రకానికి నిజమే. అందులో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. చక్రం తిరిగితే తనే ఏసీ వోల్టేజీ పుట్టిస్తుంది. రెసిస్టెన్స్ సాధారణంగా 800 నుంచి 2,000 ఓమ్స్ మధ్య ఉంటుంది, సరైన అంకె ఆ కారు మాన్యువల్లో చూసుకోవాలి. ఇప్పటి కార్లలో ఎక్కువగా ఉండేది యాక్టివ్ సెన్సర్. దానికి కంట్రోల్ యూనిట్ కరెంటు ఇవ్వాలి, లోపల చిన్న ఎలక్ట్రానిక్ చిప్ ఉంటుంది. దానికి ఓమ్స్ పెట్టి చూస్తే వచ్చే అంకెకి అర్థం ఉండదు, ఒక్కోసారి చిప్పే పాడవుతుంది. రెండింటికీ వైర్లు రెండే కాబట్టి చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అక్కడే పొరబడతారు. యాక్టివ్ సెన్సర్ అయితే ముందు కనెక్టర్ విప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, హార్నెస్ వైపు (కారు నుంచి వచ్చే వైరు వైపు) సప్లై వోల్టేజీ వస్తోందో లేదో చూడండి. రాకపోతే సెన్సర్‌ని అనుమానించే పనే లేదు.

అపోహ: లైటు వెలగట్లేదు, కాబట్టి అంతా బాగుంది.

వాస్తవం: నెమ్మదిగా వచ్చి ఆగబోతుంటే, పొడి రోడ్డు మీద కూడా పెడల్ కాలికింద గరగరా కొట్టుకుంటోందా? టోన్ రింగ్ (చక్రంతో పాటు తిరిగే పళ్ళ రింగు, సెన్సర్ చదివేది దీన్నే) పగిలి ఉండొచ్చు. పగులు దగ్గర పళ్ళ మధ్య ఖాళీ పెరుగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ అక్కడ సిగ్నల్ తడబడుతుంది, చక్రం జారుతోందనుకుని ఏబీఎస్ పనిలోకి దిగుతుంది. లైటు వెలగాలన్న రూలేమీ లేదు. సెన్సర్ కింద తుప్పు పేరుకుని దాన్ని పైకి నెట్టినా ఇలాగే జరుగుతుంది. అప్పుడు సెన్సర్ తీసి, కూర్చునే చోటు శుభ్రంగా గీకి మళ్ళీ పెడితే చాలు.

అపోహ: వీల్ బేరింగ్ ఎటు తిప్పి బిగించినా ఒకటే.

వాస్తవం: చాలా బేరింగుల్లో ఒక వైపు సీల్‌లోనే అయస్కాంతపు రింగు ఉంటుంది. అది సెన్సర్ వైపు రావాలి. కంటికి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. మాగ్నెటిక్ కార్డు (అయస్కాంతపు గీతల్ని కంటికి చూపించే కార్డు) ఆనిస్తే ఏ వైపు గీతలు కనిపిస్తాయో అదే సెన్సర్ వైపు. బేరింగ్ మార్చిన మర్నాడే లైటు వచ్చిందంటే నా మొదటి అనుమానం దీని మీదే.

అపోహ: ఏబీఎస్ లైటు వెలిగితే బ్రేకులు పోయినట్టే.

వాస్తవం: పసుపు లైటు ఒక్కటే అయితే మామూలు బ్రేకు పనిచేస్తుంది. గట్టిగా తొక్కితే మాత్రం చక్రాలు లాక్ అవుతాయి, దూరం పాటిస్తూ నడపాలి. ఎర్ర లైటు కూడా తోడైతే కారు పక్కన ఆపి బ్రేక్ ఆయిల్ చూడండి. ఇక నడపొద్దు.

అపోహ: కోడ్ చెరిపేస్తే సరి.

వాస్తవం: ముందు రాసుకోండి, తర్వాత చెరపండి. చాలా కార్లలో కోడ్‌తో పాటు అది వచ్చినప్పటి స్పీడ్ లాంటి వివరాలు కూడా నిల్వ ఉంటాయి, చెరిపితే అవీ పోతాయి. ఇంకో మాట: రిపేరు సరిగ్గా చేసినా కొన్ని కార్లలో కాస్త దూరం నడిపాకే లైటు ఆరుతుంది. కారు కదలకుండానే ‘ఇంకా వెలుగుతోంది’ అని టెన్షన్ పడి, బిగించిన సెన్సర్ మళ్ళీ విప్పొద్దు.