టెర్మినల్ నుంచి తెలుగు ఉత్తరం: చార్‌సెట్ చీటీ సరిగ్గా ఉండాలంటే

టెర్మినల్‌లో నడిచే మట్ అనే మెయిల్ ప్రోగ్రామును 1995లో మైకేల్ ఎల్కిన్స్ రాశారు. దాంతో పంపిన తెలుగు ఉత్తరంలో ‘త’ ఉండాల్సిన చోట నెత్తిన గీతతో లాటిన్ ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అక్షరాలు పాడవలేదు, వాటిని ఎలా చదవాలో చెబుతూ వాటితో వెళ్లిన చీటీ, అంటే చార్‌సెట్ పేరు, తప్పింది. ఉప్పు డబ్బాకు పంచదార చీటీ అంటించినట్టు.

ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ‘త’ సంఖ్య 0సి24. ఆ సంఖ్యలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో అది ఇ0, బి0, ఎ4 అనే మూడు బైట్లు. వాటినే లాటిన్ లిపి పద్ధతి అయిన ఐఎస్ఓ-8859-1 అనుకుని చదివితే మూడు వేర్వేరు గుర్తులవుతాయి. ఏది అనుకోవాలో చెప్పేది కంటెంట్-టైప్ హెడర్‌లోని (ఉత్తరం పైన వెళ్లే వివరాల వరుసలోని) చార్‌సెట్ పేరు.

ఆ పేరును మట్ ‘సెండ్_చార్‌సెట్’ జాబితా నుంచి తీసుకుంటుంది. మనం ఏమీ రాయకపోతే అందులో యూఎస్-ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలకే చాలేది), ఐఎస్ఓ-8859-1, యూటీఎఫ్-8 ఈ వరుసలో ఉంటాయి. ఉత్తరం మొత్తం నష్టం లేకుండా ఇమిడే మొదటి పేరే ఖాయం. ఒక్క తెలుగు అక్షరం ఉన్నా మొదటి రెండూ చాలవు. 2010లో యూనికోడ్‌లో చేరిన రూపాయి గుర్తుకూ అంతే. మట్ సెట్టింగులుండే మట్‌ఆర్‌సీ ఫైలులో మధ్య పేరు తీసేసి, యూఎస్-ఆస్కీ, యూటీఎఫ్-8 రెండే కోలన్‌తో కలిపి ఉంచడం మేలు. ఈ రోజుల్లో యూటీఎఫ్-8 చదవలేని మెయిల్ ప్రోగ్రాము అరుదు.

మరి జాబితా సరిగ్గా ఉన్నా ఉత్తరం ఎందుకు చెడుతుంది? అసలు తగాదా ‘చార్‌సెట్’ అనే ఇంకో సెట్టింగుతో. మనం టైపు చేసిన ఫైలు ఏ ఎన్‌కోడింగులో ఉందో మట్ దాన్ని బట్టే నమ్ముతుంది. ఎవరో చెప్పారని అక్కడ ఐఎస్ఓ-8859-1 అని రాస్తే, ఎడిటర్ ఇచ్చిన యూటీఎఫ్-8 బైట్లు ఒక్కొక్కటీ ఒక్కో లాటిన్ గుర్తుగా లెక్కకొస్తాయి. ఏ అభ్యంతరమూ రాదు, తప్పు చీటీతో ఉత్తరం వెళ్లిపోతుంది. అందుకే ఆ వరుసను మట్‌ఆర్‌సీలో రాయనే కూడదు, ఉంటే తీసేయాలి. మట్ దాన్ని లొకేల్ (సిస్టమ్‌లోని భాష, ఎన్‌కోడింగుల అమరిక) నుంచి తానే తెలుసుకుంటుంది. ‘లొకేల్ చార్‌మ్యాప్’ అని కొడితే యూటీఎఫ్-8 అని జవాబు రావాలి. అలా కాకుండా ఆన్సీ అని మొదలయ్యే పేరొస్తే మట్‌ను కాదు, లొకేల్‌ను సరిచేయాలి. ఎస్ఎస్‌హెచ్‌తో వేరే సర్వర్‌లోకి వెళ్లి మెయిల్ రాసేవాళ్లు ఈ పరీక్ష ఆ సర్వర్‌లోనే చేయాలి. విమ్ ఎడిటర్ వాడితే ‘ఫైల్‌ఎన్‌కోడింగ్’ కూడా ఒకసారి చూసుకోవాలి.

సబ్జెక్టుకు లెక్క వేరు. హెడర్‌లో ఆస్కీ కాని అక్షరాలను తొడుగు వేసి పంపాలి. ఒక్కో తొడుగు 75 గుర్తులు దాటకూడదు. చార్‌సెట్ పేరూ తొడుగు గుర్తులూ 12 పోగా, బైట్లను ఆస్కీ గుర్తులుగా మార్చే బేస్64లో మిగిలేది 15 తెలుగు సంకేతాలకే (ఒక్కో యూనికోడ్ సంఖ్య ఒక సంకేతం) చోటు. ‘క్షే’ ఒక్కటే వాటిలో నాలుగు తింటుంది! పొడవైన తెలుగు సబ్జెక్టు అందుకే ముక్కలుగా వెళ్లి, అవతల మళ్లీ అతుక్కుంటుంది.

లైన్ విరవకుండా పేరా మొత్తం ఒకే వరుసగా రాసే అలవాటుంటే ఇంకో సంగతి. వరుస 990 బైట్లు దాటితే, అంటే సుమారు 330 తెలుగు సంకేతాలకే, మట్ కోటెడ్-ప్రింటబుల్‌కు, అంటే ఆస్కీ కాని ఒక్కో బైటునూ మూడు గుర్తులుగా రాసే పద్ధతికి, మారుతుంది. అందులో ఒక్కో సంకేతానికి తొమ్మిది గుర్తులు. ఉత్తరం మూడింతలు ఉబ్బుతుంది, కానీ చెడదు.

పంపేముందు కంపోజ్ తెరలో చార్‌సెట్ పేరు కనిపిస్తుంది. తప్పనిపిస్తే కంట్రోల్-టి నొక్కి మార్చవచ్చు. ముందు మీకు మీరే ఒక ఉత్తరం పంపుకుని, తెరిచి, ‘హెచ్’ నొక్కితే హెడర్లన్నీ బయటపడతాయి. అక్కడ ‘అన్‌నోన్-8బిట్’ అని కనిపించిందంటే మళ్లీ లొకేల్ దగ్గరికే వెళ్లాలి.