516001 లోపల ఏముంది?

కడప వాళ్ళు ఈ సంఖ్యను ఎన్నిసార్లు రాసి ఉంటారో లెక్కే లేదు. బ్యాంకు ఫారం మీద, పెళ్ళి పత్రిక కవరు మీద, ఆన్‌లైన్ ఆర్డరులో 516001. పిన్ కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. అందులో చివరి మూడంకెలు ఉత్తరం ఏ పోస్టాఫీసుకు చేరాలో చెబుతాయి. తపాలా శాఖకు అంతే చాలు. లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకు అసలు పని అక్కడే మొదలవుతుంది: దీన్ని ఏ సంఖ్యలు భాగిస్తాయి?

అనంతపురం 515001, కర్నూలు 518001. అంకెలు కూడితే 12, 15 వస్తాయి కాబట్టి రెండూ 3తో పోతాయి. కడప మొత్తం 13, పోదు. చివర 1 ఉంది కనుక 2, 5 కూడా పనికిరావు. 7తో భాగిస్తే 3 మిగులుతుంది, 11తో 2, 13తో 5. 17 దగ్గర పని జరుగుతుంది. 510000లో 17 ముప్పై వేలసార్లు, మిగిలిన 6001లో సరిగ్గా 353 సార్లు పోతుంది. భాగఫలం 30353.

ఇక్కడ ఓపిక కావాలి. 30353 వర్గమూలం 174 పైచిలుకు. 173 వరకు ఏ ప్రధాన సంఖ్యా భాగించకపోతే అది తానే ప్రధాన సంఖ్య అవుతుంది. 17 కన్నా చిన్నవాటిని మళ్ళీ చూడక్కర్లేదు, అవి 516001నే భాగించలేదు కదా. 17 నుంచి వరసగా ఇరవై నాలుగు ప్రధాన సంఖ్యలు ఏదో ఒక శేషం మిగులుస్తాయి. ఇరవై ఐదోది 127. శేషం సున్నా!

516001 = 17 × 127 × 239.

మూడూ గణితంలో పేరుమోసినవే. 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితోనే గీయవచ్చని జర్మన్ గణితవేత్త గౌస్ 1796లో, పందొమ్మిదేళ్ళు నిండకముందే కనిపెట్టాడు. ఏడు 2లను గుణించి 1 తీసేస్తే 127. దాన్ని 64తో హెచ్చిస్తే వచ్చే 8128 పరిపూర్ణ సంఖ్య, అంటే తనకన్నా చిన్న భాజకాలన్నీ కలిపితే మళ్ళీ తానే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 239. టాన్ (లంబకోణ త్రిభుజంలో ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే వచ్చేది) విలువ 1/5 ఉన్న కోణాన్ని నాలుగింతలు చేసి, టాన్ 1/239 ఉన్న కోణాన్ని తీసేస్తే కచ్చితంగా 45 డిగ్రీలు వస్తుంది. ఈ సూత్రంతోనే 1706లో గణితవేత్త జాన్ మేచిన్ π (పై) విలువను 100 దశాంశ స్థానాల దాకా లెక్కగట్టాడు, అదీ చేత్తో. ఈ కోణాలను అంతకంతకూ చిన్నవయ్యే పదాల వరుసగా లెక్కిస్తారు; 1/239 వరుసలో ప్రతి పదమూ ముందుదానికన్నా 57 వేల రెట్లకు పైగా చిన్నది కాబట్టి కొద్ది పదాలతోనే పని తీరిపోతుంది. 239 వర్గం 57121. నాలుగు 13లను గుణించి రెట్టింపు చేస్తే 57122. ఒక్కటే తేడా! ఆ సూత్రం అంత కచ్చితంగా కుదరడం వెనక ఉన్నది ఈ ఒక్కటే.

ఘనాల సంగతి ఇంకా చిత్రం. 1, 8, 27, 64 లాంటి ఘనాలను కూడి ఏ సంఖ్యనైనా రాయవచ్చు. ఎనిమిది ఘనాలు సరిపోని సంఖ్యలు మొత్తం రెండే రెండని గణితవేత్త డిక్సన్ 1939లో నిరూపించాడు. ఒకటి 23. రెండోది 239: రెండు 64లు, నాలుగు 27లు, మూడు 1లు. ఎలా మార్చి పేర్చినా తొమ్మిదికి తగ్గదు.