అప్‌గ్రేడ్ తర్వాత మొరాయించే పాత సాఫ్ట్‌వేర్

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. ఇంట్లో సినిమాలు చూసుకునేవాళ్లకు విండోస్ 11కి మారడం పెద్ద పని కాదు. తిరుపతిలో పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్ల సంగతి అలా కాదు. అలాంటి చోట్ల ఇప్పటికీ కనిపించే పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ 2001 నాటిది. దాన్ని చేసిన అడోబీ కంపెనీ ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ తేలేదు.

కొత్త విండోస్ వచ్చి పాత సాఫ్ట్‌వేర్‌ను చెడగొట్టిందని తిట్టుకుంటాం. నిజానికి ఆ సాఫ్ట్‌వేర్‌లో చాలాసార్లు ఒక్క అక్షరం కూడా మారి ఉండదు. ఇన్నాళ్లూ అది దేన్ని ఆనుకుని నడిచిందో అది పక్కకు జరిగి ఉంటుంది. సిమ్‌సిటీ అనే పాత కంప్యూటర్ ఆట కథ ఇందుకు పేరుపడ్డది. తాను వదిలేసిన మెమరీనే ఆ ఆట మళ్లీ చదివేది. అది తప్పే, కానీ పాత విండోస్‌లో బయటపడలేదు, విండోస్ 95లో పడింది. అద్దె ఇంట్లో మెట్ల కింద సామాన్లు పెట్టుకోవడం లాంటిదే ఇది: ఒప్పందంలో లేదు, పాత ఓనరు ఏమీ అనలేదు, కొత్త ఓనరు ఊరుకోడు. చివరికి మైక్రోసాఫ్ట్ వాళ్లే ఆ ఆటను గుర్తుపట్టి సర్దుకుపోయే ఏర్పాటు విండోస్ 95లో పెట్టారు. అంత మర్యాద అన్ని సాఫ్ట్‌వేర్లకూ దక్కదు.

డీటీపీ వాళ్లకు మొదట ఎదురయ్యేది ఫాంట్ల గోల. నిరుడు చేసిన కార్డు తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. ఫైల్ పోయిందని కంగారు పడక్కర్లేదు. 'అను' లాంటి పాత తెలుగు ఫాంట్లు, ప్రతి భాష అక్షరానికీ వేరే సంకేతం ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో ఉండవు. ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీదే తలకట్టు, గుడి, వత్తుల బొమ్మలను కూర్చోబెడతాయి. ఫైల్‌లో ఉండేవి ఆ సంకేతాలే, ఫాంట్ దొరక్కపోతే వాటి ఇంగ్లిష్ రూపం బయటికొస్తుంది. మరి ఫాంట్ మళ్లీ వేసినా పేజ్‌మేకర్‌లో కనిపించకపోతే? విండోస్ 10 కాలంలోనే వచ్చిన ఒక మార్పు వల్ల, మామూలుగా ఇన్‌స్టాల్ కొడితే ఫాంట్ ఆ ఒక్క యూజర్ ఫోల్డర్‌లోకి పోతుంది. కొన్ని పాత ప్రోగ్రాములకు అక్కడ వెతకడం తెలియదు. ఫాంట్ మీద రైట్ క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' ఎంచుకుంటే చాలాసార్లు సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది కానీ సెట్టింగులు నిలవడం లేదంటే అనుమతులను అనుమానించాలి. పాత ప్రోగ్రాములు 'ప్రోగ్రామ్ ఫైల్స్' ఫోల్డర్‌లోనే రాసుకునేవి. విస్టా వెర్షన్ నుంచి విండోస్ అక్కడ ఎవరిని పడితే వాళ్లను రాయనివ్వదు. ఒక్కసారి 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' పెట్టి చూడండి. పనిచేస్తే జబ్బేమిటో తెలిసిపోయినట్టే. రోజూ అలాగే నడపడం మాత్రం నాకు నచ్చదు, వీలుంటే దాని డేటా ఫోల్డర్‌ను వేరే చోటికి మార్చడం మేలు.

డాంగిల్ (లైసెన్సు ఉందని చూపే చిన్న ప్లగ్) గుచ్చితేనే నడిచే సాఫ్ట్‌వేర్‌తో తంటా ఎక్కువ. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. 32 బిట్ ప్రోగ్రాములను నడిపించే పొర ఒకటుంది, కానీ విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో పనిచేసే డ్రైవర్లకు (డాంగిల్, ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే ప్రోగ్రాములకు) ఆ పొర అక్కరకు రాదు. కంపెనీ 64 బిట్ డ్రైవర్ ఇవ్వకపోతే ప్రోగ్రామ్ ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీ ట్యాబ్‌లో ఎన్ని టిక్కులు పెట్టినా వృథా. ఆ ట్యాబ్ ముఖ్యంగా చేసేది, 'ఇది పాత విండోసే' అని ప్రోగ్రామ్‌కు అబద్ధం చెప్పడం. డ్రైవర్ల దగ్గర ఆ అబద్ధం చెల్లదు.

తెరిచీ తెరవగానే మూసుకుపోతుంటే విండోస్‌లో జరిగిన తప్పుల చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో 'ఫాల్టింగ్ మాడ్యూల్' (తప్పు జరిగిన ఫైల్) అన్న వరుస చదవండి. అక్కడ ప్రింటర్ డ్రైవర్ ఫైల్ పేరుంటే, పేజ్‌మేకర్‌ను తీసి మళ్లీ వేయడం కన్నా ముందు ఆ డ్రైవర్ మార్చి చూడాలి.

ఏదీ కుదరకపోతే, ఉన్న విండోస్ మీదే అప్‌గ్రేడ్ చేసినవాళ్లకు వెనక్కి వెళ్లే దారి సెట్టింగ్స్‌లో రికవరీ కింద ఉంటుంది. మామూలుగా 10 రోజులే గడువు. కాబట్టి ముహూర్తాల హడావుడిలో అప్‌గ్రేడ్ చేసినవాళ్లు రిపేరు మొదలుపెట్టే ముందు ఆ లెక్క చూసుకోవడం మంచిది.